మందతో పాటు అమ్మిన పిలుపు

“అవి వస్తాయి మేడమ్మా. నేను పిలిస్తే వస్తాయి. వచ్చినంక నువ్వేం చేస్తావు? ఫోటో తీసుకుంటావా?”

నేను తలుపు బయటే ఆగిపోయాను. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో కాగితం కప్పులు. లోపల మాట్లాడుతున్నది ఓబక్క. కోపం వస్తే అందరికీ గొంతు లేస్తుంది, ఓబక్కకు తగ్గుతుంది. అప్పటికే బాగా తగ్గి ఉంది.

ఆశా మేడం కన్నడంలో జవాబు చెబుతోంది. గొర్రెలు వస్తే అంతకంటే కావలసిందేముంది, షో మధ్యలో నిజం మంద నడిచొస్తే చూసినవాళ్లు బతికినన్నాళ్లూ మరిచిపోరు అంటోంది. బెంగళూరు మనిషి. నెమ్మదస్తురాలు, చెడ్డదీ కాదు. కానీ ఎదుటి మనిషి ఏమంటోందో ఆమె తలకు ఎక్కడం లేదని బయట నిలబడ్డ నాకు కూడా తెలుస్తోంది.

“మనుషులు మరిచిపోరు, సరే. గొర్రెలు మరిచిపోతాయా?”

ఒక్కసారే కదా అమ్మా, అంది ఆశా మేడం.

“ఒగసారైనా అంతే, నూరుసార్లైనా అంతే. ఆ పిలుపు ఇప్పుడు నాది కాదు. అమ్మేసినా. అమ్మిందాన్ని తెచ్చి మైకులో యెట్ల పెట్టేది?”

నేను లోపలికి పోయి టీ పోశాను. ఇద్దరూ తాగలేదు. టీ మీద మీగడ కట్టింది. చివరికి ఆశా మేడమే తగ్గింది. సరే, నువ్వు పిలవొద్దు, మిగతావన్నీ చెయ్యి, చాలు అంది. ఓబక్క తల ఊపి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. గొడవ అక్కడితో తీరిపోయిందనుకున్నాను. నా తెలివి అంత మాత్రమే.

ఓబక్కది మా ఊరే. వెంకటమ్మనహళ్లి దాటినాక సోలార్ కంచె పట్టుకుని పోతే వస్తుంది. ఆధార్ కార్డులో ఆమె పుట్టింది జనవరి ఒకటిన. మా వైపు సగం మంది ముసలోళ్లు ఆ రోజే పుట్టినారు కాబట్టి వయసు ఎంతంటే చెప్పలేను, అరవై దాటి ఉంటుంది. తండ్రి ఓబళప్ప గొర్రెల కాపరి, మొగుడూ గొర్రెల కాపరే. మొగుడు పోయినాక ఎనభై గొర్రెల మందను పదకొండేళ్లు ఒక్కతే కాచింది. తర్వాత సోలార్ పార్కు వచ్చింది. భూములున్నోళ్లు కౌలుకిచ్చారు. ఓబక్కకు ఇవ్వడానికి భూమి లేదు, మేపుకోవడానికి మిగిలిన బీళ్లకు కంచె పడింది. రెండేళ్లు రోడ్డు వారా, చెరువు కట్ట మీదా మేపి, ఇక చాతకాక మందను నరసింహప్పకు అమ్మేసింది. ఆయనది మా ఊరే, గుట్ట పక్కన చేను ఉంది, అక్కడిదాకా కంచె రాలేదు.

ఇప్పుడామె చేసేది పార్కులో గ్యాంగు పని. ప్యానెళ్ల కింద గడ్డి కోయడం, పైన దుమ్ము కడగడం. తన మంద మేసిన నేల మీదే తను గడ్డి కోస్తుంది. ఈ మాట నేనంటే ఆమె విసుక్కుంది. గడ్డి గడ్డే, కోస్తే కూలి ఇస్తారు, నువ్వు దాన్ని పాట చెయ్యొద్దు అంది.

ఓబక్క గొప్పదనం బయటపడింది ఆ గ్యాంగులోనే. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆడవాళ్లు ప్యానెళ్ల నీడలో కూర్చుంటారు. ఓబక్క వాళ్లను కళ్లు మూసుకోమంటుంది. నోటితో ఒక శబ్దం చేస్తుంది. అదేందో వాళ్లు చెప్పాలి. ఇన్వర్టరు గది గుయ్యిమనడం, సూపర్వైజర్ శివరాజు బండి స్టార్టు కాక దగ్గడం, పావగడ బస్టాండులో కండక్టరు ముక్కుతో ఊర్ల పేర్లు చదవడం. ఒకసారి శివరాజు ఫోను మోగినట్లు చేస్తే ఆయన నిజంగానే జేబు తడుముకున్నాడట. నాగక్క అని ఆమె జతగత్తె ఈ కథ ఎవరు దొరికితే వాళ్లకు చెబుతుంది, ప్రతిసారీ ఇంకో జేబు చేరుస్తుంది.

నేను బి.కాం రెండో ఏడు మధ్యలో వదిలేసి ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో ఆశా మేడం గుంపు వచ్చింది. బండ్లు, టీలు, మనుషులు, పర్మిషన్లు చూసుకోవడానికి లోకల్ మనిషి కావాలన్నారు, నేను చేరాను. వాళ్లు చేసేదాన్ని నాటకం అనలేం. కథ లేదు, వేషం లేదు, డైలాగు లేదు. రోజూ మన చుట్టూ వినపడే శబ్దాలు, మనిషి గొంతు, అంతే. చూసేవాళ్లు గుండ్రంగా కూర్చోవాలి, కాసేపు కళ్లు మూసుకోవాలి, వాళ్లు కూడా శబ్దాలు చెయ్యాలి. నాకు మొదట పిచ్చిపని అనిపించింది. ఇప్పుడు కూడా సగం అలాగే అనిపిస్తుంది. కానీ ఇలాంటి పని చేసే మనిషి మా ఊళ్లో ఒకరున్నారని చెప్పింది నేనే. ఓబక్కను తీసుకుపోయింది నేనే.

పాత డెయిరీ గదిలో నెల రోజులు ప్రాక్టీసు. మొదటి వారం ఆశా మేడం నేర్పింది. రెండో వారం నుంచి ఓబక్క నేర్పింది. చేటలో శెనక్కాయలు చెరిగే శబ్దం, గాజు మీద వైపరు కిర్రుమనడం, ఖాళీ బిందె మెట్టు మీద పెట్టినప్పటి మోత, ఇవన్నీ ఆశా మేడం మైకుల్లోకి ఎక్కించి గదంతా నింపేది. ఓబక్కకు అది నచ్చలేదు. ఎక్కువైపోయిందప్పా, వినేవాళ్లకు ఏమీ మిగల్లేదు అంది నాతో. తన లెక్క వేరు. శబ్దాన్ని చివరిదాకా చెయ్యదు. నీళ్ల ప్లాంటులో నాణెం వేసినప్పటి సంగతి చూడండి. నాణెం జారుతుంది, లోపల టక్కుమంటుంది, గొట్టం ఒక నిమిషం గురగురలాడుతుంది. ఓబక్క నోటితో అక్కడిదాకా చేసి ఆపేస్తుంది. బిందె పట్టుకుని నిలబడ్డట్టు చేతులు చాచి ఊరుకుంటుంది. చూసేవాళ్లకు ప్రాణం పోతుంది. ఎవరో ఒకరు తట్టుకోలేక నీళ్లు పడినట్టు ‘స్స్’ అంటారు. ఆ వెంటనే ఇంకొకరు. గది మొత్తం నీళ్ల చప్పుడు. అప్పుడామె బిందె నిండినట్టు నడుముకు ఎత్తుకుంటుంది.

ఇది ఎక్కడ నేర్చుకున్నావని మేడం అడిగింది.

“నేర్చేదేముండాది? గొర్రెలకాడ ఉంటే తెలుస్తాది. మనుషులు సులువు మేడమ్మా. గొర్రె నీళ్లుంటేనే వస్తాది. మనుషులు ఉత్తదానికే వస్తారు.”

అందరం నవ్వాం. నోరు ఊరుకోక నేను, ఓబక్కకు నీళ్ల పిలుపు ఒకటి ఉందని, అది వింటే మైలు దూరం నుంచి మంద పరుగెత్తి వచ్చేదని చెప్పాను. ఆశా మేడం పెన్ను కింద పెట్టింది. ఓబక్క నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది.

మా వైపు కాపరుల ఇళ్లలో పిలుపు ఇంటికొకటి ఉంటుంది. తోలడానికి వేరే, ఆపడానికి వేరే, నీళ్లకు వేరే. మొదటి రెండూ ఎవరైనా ఎప్పుడైనా అనుకోవచ్చు. నీళ్ల పిలుపు మాత్రం తొట్టిలో నీళ్లు పోస్తూనే పిలవాలి. పిల్లలు ఆటకు కూడా అనకూడదు. ఓబక్క ఏడేళ్లప్పుడు ఒకసారి ఖాళీ తొట్టి దగ్గర నిలబడి ఆటకు పిలిచిందట. మంద వచ్చేసింది. ఓబళప్ప తిట్టలేదు, కొట్టలేదు. చేతికి కడవ ఇచ్చి బావి చూపించాడు. మందంతా తాగి తల పక్కకు తిప్పేదాకా మోసింది. మూడు రోజులు భుజం లేవలేదని చెప్పింది. గొర్రె ఒకసారి మోసపోతుంది, రెండోసారి మోసపోతుంది, మూడోసారి రాదు, రాని గొర్రెను కాయడం ఎవరి వల్లా కాదు. ఇదేమీ భక్తి కాదు, దేవుడి మాట కాదు. పని.

మంద అమ్మితే పిలుపు కూడా అమ్మినట్టే. దానికి మూడు రోజులు. మొదటి రోజు అమ్మినామె పిలుస్తుంది, కొన్నాయన పక్కన నిలబడి నీళ్లు పోస్తాడు. రెండో రోజు ఇద్దరూ పిలుస్తారు, ఇద్దరూ పోస్తారు. మూడో రోజు కొన్నాయన పిలుస్తాడు, అమ్మినామె నోరు మూసుకుని నీళ్లు పోస్తుంది. గొర్రెలు వచ్చి తాగితే బేరం ముగిసినట్టు. ఆ తర్వాత ఆ మంద చెవిన పడేలా ఆమె మళ్లీ పిలవకూడదు. పిలిస్తే మంద రెండుగా చీలుతుంది, ఎవరికీ కాకుండా పోతుంది. నాలుగేళ్ల కిందట ఓబక్క నలుగురి ముందు నరసింహప్ప తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి ఆ మాట చెప్పింది. అప్పటి నుంచి ఆయన చేను వైపు పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతుంది. దారిలో తన పాత గొర్రెలు ఎదురైతే దగ్గు కూడా ఆపుకుంటుందని నాగక్క చెప్పింది.

ఇదంతా ఆశా మేడానికి చెప్పాం. ఆమె కళ్లు మెరిశాయి. అదే తప్పు జరిగిన చోటు. ఆమె దాన్ని ఒక అందమైన సంగతిగా విన్నది.

వారం రోజులు బతిమాలారు, నేనూ బతిమాలాను. చివరికి ఓబక్క ఒప్పుకుంది, షరతులతో. పావగడ సముదాయ భవనంలో, తలుపులు మూసి, ఒకే ఒక్కసారి, ముందు కడవ నిండా నీళ్లు పెట్టి. చుట్టూ బస్సులు, అంగళ్లు, గొర్రెల జాడే లేదు. షో కూడా అక్కడే అన్నారు కాబట్టి సరే అనుకుంది.

ఆ రోజు హాల్లో పదకొండు మందిమి ఉన్నాం. పిలుపు ఎలా ఉంటుందో అక్షరాల్లో రాయలేను. రాయను కూడా. నాలుక మీద ఒక దడదడతో మొదలై, కింద నుంచి పైకి లేచి, మధ్యలో తెగుతుంది. తెగిన చోట నీళ్లు పోసింది. రాగి కడవ నుంచి ఇత్తడి గిన్నెలోకి, ఎత్తు నుంచి. అంతే. ఎవరూ చెప్పకుండానే మేమందరం లేచి నిలబడ్డాం. గేటు దగ్గర బీడీ కాలుస్తున్న వాచ్‌మన్ తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఎందుకొచ్చాడో తెలియక నిలబడ్డాడు. ఓబక్క అందరికీ గ్లాసుల్లో నీళ్లు పోసి తాగించింది. దాహం లేదన్న వాళ్లను కూడా వదల్లేదు. నేను చూసినవాటిలో ఆశా మేడం గుంపు చేసిన అసలు షో అదే. టికెట్ లేదు, జనం లేరు.

యశ్ మిషను ఆన్‌లోనే ఉంది. యశ్ అంటే వాళ్ల సౌండు కుర్రాడు, శబ్దాలు రికార్డు చేసేవాడు. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాడు, అది అతని అలవాటు. ఓబక్కకు తెలియదు. నాకు తెలుసు, ఎర్ర లైటు కనపడింది. చెప్పాలని తోచలేదు.

తర్వాత హాలు ఇంకేదో మీటింగుకు ఇచ్చేశారు. తేదీ మార్చుకోవడానికి వీల్లేదు, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు అప్పటికే చెప్పేశారు. షో మా ఊరి పక్కన, కంచెను ఆనుకుని ఉన్న శెనక్కాయలు పీకిన చేనుకు మారింది. వెనక ప్యానెళ్లు, సాయంత్రం ఎండ, బాగుంటుందని మేడం సంబరపడింది. అక్కడి నుంచి నరసింహప్ప చేను అర మైలు. మొదట్లో నేను చెప్పిన గొడవ దీని మీదే. నువ్వు పిలవొద్దు అని మేడం ఒప్పుకుంది, ఓబక్క నమ్మింది.

షో రోజు మధ్యాహ్నం నేను కుర్చీలు వేయిస్తున్నాను. ఓబక్క గ్యాంగు పనిలో ఉంది, నాలుగింటికి టెంపోలో దిగుతుంది. రెండున్నరకు నాలుగు స్పీకర్లలోంచి ఓబక్క గొంతు వచ్చింది. ఆ నీళ్ల పిలుపే, వెనక నీళ్లు పోసిన చప్పుడు మాత్రం కోసేసి.

చేతిలోని కుర్చీ కింద పెట్టాను. యశ్ దగ్గరికి పోయి ఏందిది అని అడిగితే, లెవెల్ చూసుకుంటున్నాను అన్నాడు. చివర్లో ఇది వేస్తాం, ఆమె పిలవదు కదా, ఒప్పుకున్న మాట ప్రకారమే అన్నాడు. నేను మాట్లాడేలోపే గుట్ట వైపు నుంచి దుమ్ము లేచింది. మంద వచ్చేసింది. ముసలి గొర్రెలు ముందు, వాటి వెనక పిల్లలు, మట్టిగడ్డలు తొక్కుకుంటూ వచ్చి స్పీకర్ స్తంభం చుట్టూ నిలబడ్డాయి. తలలెత్తి చూస్తున్నాయి. యశ్ ఫోన్ తీసి వీడియో పట్టాడు. నేను నవ్వాను. ఇది దాచను. ఆ క్షణంలో నాకూ తమాషాగానే అనిపించింది.

కాసేపటికి నరసింహప్ప కట్టె పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ఓబక్క యాడ అని అడిగాడు. లేదు, మిషను అన్నాను. నమ్మలేదు. స్తంభం చుట్టూ తిరిగి చూశాడు, మందను తోలుకుని పోయాడు. మిషను ఆపండి అని నేను గట్టిగా చెప్పాల్సింది. మెల్లగా చెప్పాను. వైరు వదులైందని యశ్ ఇంకో రెండు సార్లు వేశాడు. రెండోసారి మంద సగం దూరం వచ్చింది. మూడోసారి తలలు ఎత్తాయి, నాలుగడుగులు వేశాయి, ఆగిపోయాయి.

నాలుగింటికి ఓబక్క దిగింది. ముఖం కడుక్కుని చీర మార్చుకుంది. నేను ఎదురుగా పోలేదు. ఎలక్ట్రిక్ బాక్సు దగ్గర పని ఉన్నట్టు వంగి కూర్చున్నాను.

షో అయిదింటికి మొదలైంది. రెండు వందల మంది ఉంటారు. బెంగళూరు వాళ్లు ఇరవై మంది, మిగతా అంతా మా ఊరి జనం, పక్క ఊళ్ల జనం, గ్యాంగు ఆడవాళ్లు. మొదట అందరూ గుసగుసలాడారు, పాట ఎప్పుడని అడిగారు. ఓబక్క నడిమధ్యకు వచ్చి వైపరు శబ్దంతో మొదలుపెట్టింది. గ్యాంగు ఆడవాళ్లకు ఒళ్లు జలదరించింది, రోజంతా విన్నదే కదా. జనాన్ని రెండుగా చేసింది. ఒక సగం ఇన్వర్టరు లాగా గుయ్యిమనాలి, ఇంకో సగం శెనక్కాయలు ఒలిచినట్టు నాలుకతో టకటకమనాలి. శివరాజు బండి దగ్గితే శివరాజు కూడా పడీపడీ నవ్వాడు. నాణెం వేసింది, గొట్టం గురగురలాడించింది, ఆపింది. రెండు వందల గొంతులు నీళ్లు కురిపించాయి. పక్కనున్న ముసలాయన ఒకడు నిజంగానే దోసిలి పట్టాడు. ఇంత పనిమంతురాలిని ఇన్నేళ్లు గడ్డి కోయించామే అని నాకు కడుపు మండింది.

చివర చీపురు శబ్దం. మెల్లగా, దూరం పోతున్నట్టు, పోయి ఆగింది. ఓబక్క తల వంచుకుని నిలబడింది. అయిపోయిందనుకుంది.

అప్పుడు ఆమె గొంతు నాలుగు స్తంభాల మీద నుంచి మోగింది.

జనం ఆమె నోటి వైపు చూశారు. నోరు మూసే ఉంది. ఇదేదో గారడీ అనుకుని చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఓబక్క జనాన్ని చూడలేదు, స్పీకర్లను చూడలేదు. గుట్ట వైపు చూసింది. అక్కడ చేని కట్ట మీద నరసింహప్ప మంద మేస్తోంది, ఎండ పడి ఒక్కో గొర్రె స్పష్టంగా కనపడుతోంది. అవి తలలు ఎత్తాయి. మళ్లీ వంచాయి. ఒక్కటి కూడా కదల్లేదు.

చప్పట్లు కొట్టేవాళ్లకు అక్కడ ఏమీ జరగలేదు. ఓబక్క మాత్రం అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. అలసిపోయిందని ఎవరో నీళ్ల సీసా తెచ్చి ఇచ్చారు. తీసుకోలేదు.

గొర్రెలు కదలకపోయేసరికి ఆమెకు అర్థమైపోయింది, తను రాకముందు దీన్ని ఎన్నిసార్లు వేసినారని నన్ను అడిగింది. మూడు అన్నాను.

మరునాడు సాయంత్రం నరసింహప్ప నీళ్లకు పిలిస్తే మంద రాలేదు. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. కట్టెతో తోలుకొస్తే బెదిరి చెల్లాచెదురయ్యాయి. కొన్ని వాన నీటి కాలువ దగ్గర కంచె కిందికి దూరాయి. ఒక చూడి గొర్రె తీగలో చిక్కుకుని వెనక కాలు చీల్చుకుంది. ఆ పూట నేను ఓబక్క ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాను, క్షమించమని అడగడానికి మాట వెతుక్కుంటూ. నరసింహప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఓబక్కకు వరసకు బావ అవుతాడు, ఎప్పుడూ నవ్వులాటగా మాట్లాడే మనిషి.

“మంద అమ్మినావు, గొంతు దాచిపెట్టుకున్నావు.”

“నేను పిలవలేదు బావా.”

“ఎవురి గొంతు అది? నాదా?”

అది మిషను, ఆమెకు తెలియకుండా చేసినారు, తప్పు మాది అని నేను లేచాను. ఆయన నా వైపు తిరగలేదు. తొట్టి మీద చెయ్యి పెట్టింది నువ్వా, వీడా అని ఆమెనే అడిగాడు. నేనే అంది. ఆయన వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. జరిగింది జరిగినట్టు చెప్పొచ్చు కదా, ఎందుకు నెత్తిన వేసుకుంటావని అరిచాను.

“చెప్తే ఆయప్ప గొర్రెలు వస్తాయా?” అంది, అంతే.

ఆశా మేడానికి ఫోన్ చేశాను. ఏడ్చింది. నిజంగానే బాధపడింది, అందులో నాకు అనుమానం లేదు. బెంగళూరు షోల్లో ఆ భాగం తీసేస్తామంది, మిషన్లోంచి చెరిపేస్తామంది, వచ్చి నరసింహప్ప కాళ్లు పట్టుకుంటానంది. ఓబక్కకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“మిషన్లో తుడిస్తే గొర్రె చెవిలో పోతాదా?”

నాకు తోచిన ఉపాయం నేను చెప్పాను. నువ్వే ఒక సాయంత్రం పోయి, కడవ నిండా నీళ్లు పెట్టుకుని, నోటితో పిలువు. నిన్నైతే అవి నమ్ముతాయి. ఆమె రాళ్లు ఏరడం ఆపింది.

“వస్తాయి. ఒగ్గొగ్గటిగా వచ్చి నా చేతి కింద తాగుతాయి. ఆ తెల్లారి ఆయప్ప పిలిస్తే నా కోసం చూస్తాయి. ఇంగ ఎప్పటికీ ఆయప్పవి కావు. నేను పోయి బాగు చేస్తే అదే దొంగతనం అవుతాది.”

దారి తెలిసింది ఆమె ఒక్కదానికే, ఆ దారిన నడవకూడనిదీ ఆమె ఒక్కతే. నాకు ఆశా మేడం మీద, యశ్ మీద, నరసింహప్ప మీద, ఎర్ర లైటు చూసి ఊరుకున్న నా మీద, అన్నిటికంటే ఎక్కువగా ఇంత నిదానంగా బియ్యం ఏరుతున్న ఈ ముసలామె మీద కోపం వచ్చింది. అందామనుకున్నాను. అప్పుడు ఆమె చేతుల వైపు చూశాను. ఏరిన రాయిని మళ్లీ బియ్యంలోనే వేస్తోంది.

కాసేపటికి చేట పక్కన పెట్టింది. నరసింహప్ప తొట్టికి పైపు పెట్టించినాడని, నీళ్లు తగ్గితే దానంతటదే నిండుతుందని, చప్పుడే ఉండదని చెప్పింది. ఇన్ని రోజులూ గొర్రెలు పిలుపు మీద నమ్మకంతోనే వచ్చేవి, ఇప్పుడా నమ్మకం పోయింది, ఇక పిలుపు తెగిన వెంటనే నీళ్లు పడే చప్పుడు వాటి చెవిన పడాలి, రోజూ పడాలి అంది. ఆయన ఒక్కడు, ఒక చేత్తో కట్టె పట్టుకుని కోపంగా పిలుస్తున్నాడు, పోసేవాళ్లు లేరు.

తర్వాత నా పక్కకు జరిగి కూర్చుంది. నా ముఖంలోకి చూస్తూ అడిగింది.

“రేపు నుంచి సాయంత్రం నాలుగున్నరకు నువ్వు ఆయప్ప తొట్టికాడికి పో ధనంజయా. బావి నీళ్లు ఒగ కడవ ఎత్తుకో. ఆయప్ప తిడతాడు, తిట్టనీ. కట్టె ఎత్తితే పక్కకు జరుగు, మళ్లా వచ్చి నిలబడు. ఆయప్ప పిలిచి ఆపుతానే ఎత్తు నుంచి నీళ్లు పొయ్యి. ఒగ గొర్రె వచ్చినా పొయ్యి, యేదీ రాకున్నా పొయ్యి. నా పేరు చెప్పొద్దు. నోరు తెరవద్దు. ఎన్ని దినాలని నన్ను అడగొద్దప్పా, నాకు తెలీదు. పోతావా?”